ముప్పై ఒక్క గేదెల థీసిస్

నేను మేధావినని మొట్టమొదట కనిపెట్టినవాడు మా నాన్న. పేరు ఎలీయాజరు, తాడేపల్లిగూడెం రైల్వేస్టేషనులో గూడ్సు గుమాస్తా. బియ్యం బస్తాలు మోసే కూలీలను ఆపి మరీ, "మా నిత్యానందం వాల్తేరులో ఎకనామిక్సు ఆనర్సు చదువుతున్నాడు" అని చెప్పేవాడు. ఎకనామిక్సు అంటే ఏమిటండీ అని వాళ్లడిగితే, "అది నిలబడి చెప్పేది కాదు" అనేవాడు. ఆ జవాబు ఆయనకు నేనే నేర్పాను. కూర్చుని చెప్పమన్నా నాకు వచ్చేది కాదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఇంగ్లండు వాళ్లు బంగారు నాణెం పద్ధతి ఎందుకు వదిలేశారో, అమెరికాలో బ్యాంకులు వరసబెట్టి ఎందుకు మూతపడ్డాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మా అమ్మ బజారుకు పంపితే మాత్రం పుచ్చు వంకాయలు తెచ్చేవాణ్ణి. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరైనా చెబితే వాడిమీద కలియబడేవాణ్ణి.

ఆనర్సు ఆఖరి ఏడాది ప్రతివాడూ ఒక గ్రామం ఆర్థిక పరిస్థితి మీద థీసిస్ రాయాలి. దానిమీద ప్రొఫెసరు గారు సంతకం పెడితేనే పరీక్ష. పెట్టకపోతే ఆ ఏడు గోవిందా. మూడేళ్లుగా నాన్న తన జీతంలో సగం వాల్తేరుకు పంపుతున్నాడు. ఫస్టు క్లాసు వస్తే మద్రాసులో ఒక పెద్ద బ్యాంకులో ఉద్యోగం దాదాపు ఖాయం. అంచేత మా ఇంట్లో అందరి ఊపిరీ ఆ సంతకం మీదే ఉంది.

నాన్నకు బాలస్వామి గారని ఒక పాత స్నేహితుడు ఉన్నాడు. కొల్లేటి మధ్యన పందిరిలంకలో మిషన్ బడి పంతులు. నేను ఆ లంకనే ఎంచుకున్నాను. ముప్పై ఒక్క ఇళ్లు, అందరూ చేపలు పట్టుకు బతికేవాళ్లు. చుట్టూ నీళ్లు కాబట్టి లెక్కల్లోంచి ఎవరూ తప్పించుకుపోలేరని నా ధీమా.

ఆ వేసవిలో ఏలూరు దాకా రైల్లో, అక్కణ్ణించి కాలవ పడవలో, చివరికి తాటి దోనెలో ప్రయాణం చేశాను. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో తుమ్ము వచ్చినా సరిగ్గా మధ్యకే తుమ్మాలి. అయినా నా ఫారాల కట్ట తడవలేదు. అందులో నూట పన్నెండు ప్రశ్నలు. అన్నీ నేను తయారు చేసినవే. ఇంట్లో ఎందరు, వలలెన్ని, చేపలు పడే వెదురు మావులెన్ని, మావులో రోజుకు ఎన్ని కొర్రమీనులు పడతాయి, చుట్టలకు ఏమాత్రం ఖర్చు, పాడి ఉందా లేదా. ఒక్కొక్క ఇంటికి ఒక పూర్తి రోజు పట్టేది. ఆదివారం నేను పని చెయ్యను. బస బాలస్వామి గారింట్లోనే కాబట్టి ఆయనతో ప్రార్థన చేసుకుని పడుకునేవాణ్ణి.

లంక పెద్ద ముత్యాలరావు. యాభై ఏళ్ల మనిషి, ఎంత మర్యాదస్తుడంటే తన కుక్కను కూడా మీరు అనేవాడేమోనని నా అనుమానం. మొదటిరోజే నా దగ్గరకు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఏవండీ, తవరు రోజుకో ఇంటికి ఎల్తారంట కదండి. ఏ రోజు ఏ ఇంటికో నన్ను చెప్పనియ్యండి."

"క్రమంలో వెళ్లాలయ్యా. తూర్పునుంచి మొదలుపెడతాను."

"అలాగేనండి. రేపు మాత్రం మంగాయమ్మ ఇంటికి ఎల్లండి."

మంగాయమ్మ ఇల్లు పడమటి చివర. మర్నాడు నేను అక్కడికే వెళ్లాను. ఆ లంకలో ఎవరూ కాదనరు, కానీ వాళ్లనుకున్నదే జరుగుతుంది.

వెళ్లగానే మంగాయమ్మ చెంబెడు మజ్జిగ ఇచ్చింది. కొల్లేటి ఇళ్లలో వచ్చినవాడు మజ్జిగ తాగకుండా వెళ్లాడంటే ఆ ఇంటికి తలకొట్టేసినట్టేనట. పెరట్లో గేదె ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది.

"ఈ గేదె మీదేనా అమ్మా?"

"ఆయ్, ఇవాళ మాదేనండి."

పాడి: ఒకటి, అని రాసుకున్నాను. ఇవాళ అన్న మాట రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. పల్లెటూరి వాళ్లు మాటకు ముందు ఒక మాట, వెనక ఒక మాట తగిలిస్తారు, అదంతా పట్టించుకోకూడదని మాకు వాల్తేరులో ఎవరూ చెప్పలేదు గానీ, చెప్పినట్టే నాకు అనిపించింది.

రెండో రోజు ఇంకో ఇల్లు, ఇంకో గేదె. మూడో రోజు ఇంకో ఇల్లు, ఇంకో గేదె. అడిగితే "ఇవాళ మాదేనండి." పది ఇళ్లయ్యేసరికి నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికి సరిగ్గా ఒక్కటి! ఒకడికి రెండు లేవు, ఒకడికి లేకుండా లేదు. సంపద అందరికీ సమానంగా పంచాలని సీమ దేశాల్లో మేధావులు కొట్టుకు చస్తున్నారు, అది మన కొల్లేట్లో ఎవరికీ చెప్పకుండా జరిగిపోయిందని రాత్రి దీపం దగ్గర కూర్చుని రాసుకున్నాను. రాస్తుంటే నా కళ్లే చెమర్చాయి.

ఇంకొక విశేషం కూడా కనిపెట్టాను. ఆ లంకలో ప్రతి గేదెకూ ఎడమ కొమ్ము సగం విరిగి ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు, ఒక ప్రత్యేకమైన జాతి అయి ఉండాలని నలభై రెండో పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాశాను. కొల్లేటి మీద ఎప్పుడూ ఒకే పక్కనుంచి వీచే గాలి అందుకు కారణం కావచ్చునని కూడా చేర్చాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

ముప్పై ఒక్క ఇళ్లు, అయిదు ఆదివారాలు, మొత్తం ముప్పై ఆరు రోజులు. వచ్చేటప్పుడు లంకంతా రేవుకు వచ్చి దోనె ఎక్కించింది. థీసిస్ నూట ఎనభై పేజీలు తేలింది. అందులోంచి గేదెల అధ్యాయాన్ని మా కాలేజీ పత్రిక అచ్చు వేసింది. నాన్న దాని ప్రతులు పాతిక కొని స్టేషనుమాస్టరు దగ్గర్నుంచి గార్డుల దాకా పంచాడు. రెండు నెలలపాటు నా కాళ్లు నేలమీద ఆనలేదు.

దసరా సెలవుల ముందు ప్రొఫెసరు గారి చీటీ వచ్చింది. ఆయన లండనులో చదివి వచ్చిన మనిషే గానీ పుట్టింది కృష్ణా జిల్లాలో రైతుల ఇంట.

"మీ థీసిస్ చదివాను. నలభై రెండో పేజీ అడుగున రాసిన సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేనూ గేదెల మధ్యే పెరిగాను. ముప్పై ఒక్క గేదెలకూ ఎడమ కొమ్మే విరిగిన ఊరు చూడాలని ఉంది. వచ్చే శనివారం పందిరిలంకకు వస్తున్నాను. చూశాకే సంతకం."

నాకు గుండె జారలేదు. పైగా సంతోషించాను. గేదెలు ఉన్నాయి, కొమ్ములు విరిగే ఉన్నాయి, ఇక భయమేమిటి? ఏర్పాట్లు చూద్దామని గురువారమే లంక చేరాను. అప్పటికి కొల్లేరు నిండుగా ఉంది, కిక్కిస గడ్డి సగానికి పైగా మునిగింది.

"మాస్టారూ, ఎల్లుండి ప్రొఫెసరు గారు వస్తున్నారు. గేదెలన్నిటినీ ఒకచోట కట్టిస్తే బాగుంటుంది" అన్నాను.

బాలస్వామి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏ గేదెలు బాబూ?"

"ముప్పై ఒకటీ."

"ముప్పై ఒకటేమిటి? రెండేళ్ల కిందట ముంపు వచ్చి అన్నీ కొట్టుకుపోయాయిగా. మిగిలింది దుర్గమ్మ గేదె ఒక్కటే. అదే రోజుకో ఇంట కడతారు. ఏ ఇంట కడితే ఆ రోజు పాలు ఆ ఇంటివి, మేత కూడా వాళ్లదే. నువ్వు నెల పైన ఉన్నావు కదా, తెలియదా?"

రోజుకో ఇల్లు. ఏ రోజు ఏ ఇల్లో ముత్యాలరావు చెప్పడం. వంతు ఉన్న ఇంటికే, మజ్జిగ ఇవ్వగలిగిన ఇంటికే నన్ను పంపాడు. ముప్పై ఒక్కసార్లు ఒకే గేదెను లెక్కపెట్టి, ఒకే విరిగిన కొమ్మును చూసి, దానికో జాతినీ గాలినీ సృష్టించాను. అబద్ధం ఒక్కరూ ఆడలేదు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అని అరిచాను.

"నువ్వు నన్ను వలల గురించి అడిగావు, చెప్పాను. గేదె సంగతి అడగలేదుగా" అన్నారు బాలస్వామి గారు. తరవాత మేజాబల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "ఇదిగో, ఇది కూడా చూడు. గేదెలు కొనుక్కోవడానికి సాయం చెయ్యమని లంకవాళ్లు సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు. రాసింది నేనే. పోయిన నెల జవాబు వచ్చింది."

జవాబు రెండే ముక్కలు. పందిరిలంకలో ఇంటికొక పాడిగేదె ఉన్నట్టు ఒక కాలేజీ పత్రికలో పడిన పరిశీలన వల్ల తెలిసినందున అర్జీ తోసిపుచ్చడమైనది.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుతోనూ వచ్చింది, భయంతోనూ వచ్చింది. ఏది ఎంతో విడదీసి చెప్పలేను. ఆ కాగితం పట్టుకుని ముత్యాలరావు ఇంటికి వెళ్లాను. కొట్టినా పడదామనే వెళ్లాను.

"రండి రండి, కూకోండి" అని పీట వేశాడు. "మా లంకని ఎంతో గొప్పగా రాశారంటకదండి! సర్కారోరు కూడా చదివారంట."

"నావల్ల మీ అర్జీ పోయింది ముత్యాలరావూ."

"ఆయ్, పోయిందండి. తవరేం చేత్తారండి, మంచిగా రాద్దామనేగా రాశారు."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టవలసిన చోట తిట్టని మనుషులతో ఎట్లా వేగేది? ఆ మంటలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. శనివారం ప్రొఫెసరు గారు వస్తారని, గేదెలు కనబడకపోతే సంతకం పెట్టరని, నా చదువు, నాన్న మూడేళ్ల జీతం, అన్నీ ఈ కొల్లేట్లో కలుస్తాయని.

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆయనగారికి ఎన్ని కనపడాలండి?"

"ముప్పై ఒకటి."

"ఒకటుందండి. ఇంకా ముప్పై. అలాగేనండి."

అలాగే అంటే ఏమిటో నాకు అర్థమైంది. వద్దని చెప్పాలి. ఆ గేదెలు ప్రొఫెసరు గారి కళ్లపడి సంతకం పడిందంటే లంకవాళ్లు ఇక జన్మలో అర్జీ పెట్టుకోలేరు. అదీ నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని వచ్చేశాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత నీచమైన పని ఇంకొకటి లేదు.

శనివారం పొద్దున్నే లేచి చూద్దును గదా, నీళ్లనిండా తలకాయలు! చుట్టుపక్కల నాలుగు లంకలనుంచి గేదెలు ఈదుకుంటూ వస్తున్నాయి. పక్కన దోనెల్లో మనవాళ్లు అదిలిస్తున్నారు. ఏడు గంటలకల్లా ప్రతి పెరట్లో ఒక గేదె. కొత్తచోటు కావడంతో ఒకటే అరుపులు. ఒకటి మంగాయమ్మ ఆరేసిన చీర సగం నమిలింది.

ముత్యాలరావు నా దగ్గరకు వచ్చి తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. "కొమ్ములు మాత్రం కుదరలేదండి. ఇరగ్గొడదారంటే పరాయోళ్ల సొత్తు కదండి."

పది గంటలకు ప్రొఫెసరు గారు వచ్చారు. కోటు, టోపీ, గొడుగు, అన్నిటినీ ఒళ్లో పెట్టుకుని, దోనెలో శిలావిగ్రహంలా కూర్చుని వచ్చారు. రేవులో దిగి కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకున్నారు. తరవాత ఇల్లిల్లూ తిరిగారు.

"ఈ గేదె మీదేనా అమ్మా?" అని మంగాయమ్మను అడిగారు.

"ఆయ్, ఇవాళ మాదేనండి" అంది మంగాయమ్మ. ఆవిడకు అబద్ధం ఆడవలసిన అవసరం ఈసారి కూడా రాలేదు.

ప్రతి ఇంటా గేదె, ప్రతి ఇంటా అదే జవాబు, ప్రతి ఇంటా చెంబెడు మజ్జిగ. కాదనడానికి ఆయనకూ మొహమాటమే. ఏడో ఇంటి దగ్గర కోటు బొత్తాలు విప్పారు. పన్నెండో ఇంటి దగ్గర టోపీ నాకిచ్చారు. ఇరవై దాటాక ప్రతి పెరట్లోనూ ముందు దిక్కులు చూసి, తరవాత గేదెను చూశారు. చివరి ఇల్లు దుర్గమ్మది. నలభై ఏళ్ల విధవరాలు. పలుపు చేత్తో పట్టుకుని, విరిగిన కొమ్ము పక్కన నిలబడి ఉంది.

"దీనికొక్కదానికే విరిగింది" అన్నారు ప్రొఫెసరు గారు నిట్టూర్చి. "కొమ్ముల సంగతి మీరు తొందరపడి రాశారు, ఆ వాక్యం కొట్టెయ్యండి. అయితే లెక్క సరిపోయింది. నేను అనవసరంగా అనుమానించాను."

థీసిస్ తీసి దుర్గమ్మ అరుగుమీద పెట్టారు. కలం మూత తీశారు. నా మూడేళ్లు, మద్రాసు బ్యాంకు, గూడెం స్టేషనులో నాన్న మొహం, అన్నీ ఆ పాళీ చివర ఉన్నాయి. దుర్గమ్మ కలంవైపు చూడటం లేదు. నావైపు చూసి, నా పని అయిపోతోందని సంతోషంగా నవ్వుతోంది.

ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

"సార్, ఒక్క ప్రశ్న అడగండి. రేపు ఈ గేదెలు ఎవరివో అడగండి."

నా నూట పన్నెండు ప్రశ్నల్లో లేనిది అదొక్కటే. ప్రొఫెసరు గారు నావైపు చూసి, ముత్యాలరావు వైపు తిరిగారు. "రేపు ఎవరివయ్యా?"

ముత్యాలరావు నన్ను జాలిగా చూశాడు. "రేపటిదాకా ఆగవండి. సాయంత్రానికే ఏ లంకవి ఆ లంకకు ఎల్లిపోతాయండి."

ఇక నేను ఆగలేదు. వంతు గేదె, నా లెక్క, సర్కారు జవాబు, ఈ అరువు మంద, అన్నీ చెప్పేశాను. గురువారం నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పాను. ప్రొఫెసరు గారు కలానికి మూత పెట్టేశారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ముప్పై ఒక్క చెంబుల మజ్జిగ తాగించాక చెబుతారా?" అన్నారు. తరవాత అరుగుమీద కూర్చున్నారు. "ఇప్పుడు సంతకం పెట్టను. మళ్లీ రాయండి. ఏడాది పోతుంది."

"పోనివ్వండి సార్."

"సర్కారుకు మాత్రం ఇప్పుడే ఉత్తరం రాయండి. నా లెక్క తప్పు అని మీ చేత్తో రాయండి. కింద నేనూ రాస్తాను. పత్రికలో కూడా వేయిస్తాను."

నేను బాలస్వామి గారి బడిలోంచి కాగితం తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాను. ఆయన దుర్గమ్మతో మాట్లాడుతున్నారు.

"గేదె నీది. పాలు అందరికీ ఇస్తే నీకేమిటమ్మా లాభం?"

"లాభం ఏముందండి. ముంపు రోజున నేను ఒంటరిదాన్నని అందరూ ముందు నా గేదెను గట్టెక్కించారండి. ఆళ్లు తిరిగి ఎల్లేసరికి ఆళ్లవి లేవండి."

ప్రొఫెసరు గారు మళ్లీ అడిగారు. "నీ వంతు ఎన్నాళ్లకొకసారి వస్తుంది?"

"ముప్పై ఒక్క రోజులకండి. ఈ బాబు ఉన్నప్పుడు మాత్రం ముప్పై ఆరు పట్టిందండి."

నా కలం ఆగింది. "అదేం?" అన్నాను.

"ఆదివారాలు తవరివి కదండి" అంది దుర్గమ్మ. "తవరు ఆ రోజు ఎవరింటికీ రారు, మరి మజ్జిగెట్లా? అందుకని పంతులు గారింటి కాడ కట్టేవోళ్లం. అది తవరి వంతండి."

ఆదివారాల్లో నేను తాగిన కాఫీ గుర్తొచ్చింది. మిగతా రోజుల్లో బాలస్వామి గారు పాలు లేకుండా నల్లకాఫీయే తాగేవారు. ఆదివారం మాత్రం పాలెక్కణ్ణించి వస్తున్నాయని నేను అడగలేదు. మేధావిని కదా. నేను వాళ్లను లెక్కపెడుతున్నాననుకున్నాను గానీ, ముందే వాళ్లు నన్ను లెక్కలో వేసుకున్నారు. ఉత్తరంమీద కన్నీళ్లు పడి సిరా అలుక్కుపోతే ఇంకో కాగితం తీసుకోవలసి వచ్చింది.

మరుసటి వేసవికి సర్కారు సాయంతో లంకకు పన్నెండు గేదెలు వచ్చాయి. ఏడాది ఆలస్యంగా నాకు సెకండు క్లాసు వచ్చింది. మద్రాసు బ్యాంకు నాకోసం ఆగలేదు. నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు, తరవాత కూలీలకు మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. అవన్నీ తరవాతి సంగతులు.

ఆ సాయంత్రం అరువు గేదెలన్నీ నీళ్లలోకి దిగి ఎటువి అటు వెళ్లిపోయాయి. ప్రొఫెసరు గారు కూడా దోనెలో బిగుసుకు కూర్చుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే నేను పంతులు గారింటి తలుపు తీసేసరికి గుంజకు విరిగిన కొమ్ము గేదె కట్టి ఉంది. పక్కనే దుర్గమ్మ నిలబడి ఉంది.

"ఇదేమిటి, ఇక్కడ కట్టావు?" అన్నాను.

"ఆదివారం కదండి. ఇవాళ తవరిదేనండి."

పాలు పితకడం నాకు రాదని ఆవిడకు తెలుసు. చెంబు తనే తెచ్చుకుంది.